తెలిసిన ముఖం, తెలియని లోకం: ఓపెన్ వరల్డ్ గేముల్లో సినీతారలు

జపాన్ గేమ్ దర్శకుడు హిడియో కొజిమా రూపొందించిన 'డెత్ స్ట్రాండింగ్ 2: ఆన్ ద బీచ్' 2025 జూన్ 26న ప్లేస్టేషన్ 5లో విడుదలైంది. మెక్సికోలో మొదలై ఆస్ట్రేలియాకు సాగే ఆ కథలో శామ్ అనే కథానాయకుడు వీపున బరువు మోసుకుంటూ, వాగులూ గుట్టలూ దాటుకుంటూ, ఎక్కడెక్కడో తలదాచుకున్న మనుషులకు సరుకులు చేరవేస్తుంటాడు. ఆ మనుషుల్లో ఒకరి పేరు 'అడ్వెంచరర్', ఇంకొకరు ఆయన కొడుకు. గేమ్ వాళ్లకు అంతకుమించి పేరు పెట్టలేదు. తెలుగువాళ్లకు మాత్రం పేర్లు చెప్పే పనే లేదు. వాళ్లు ఎస్.ఎస్. రాజమౌళి, ఆయన కుమారుడు ఎస్.ఎస్. కార్తికేయ. 'ఆర్ఆర్ఆర్' విడుదల సందర్భంగా 2022 అక్టోబరులో జపాన్ వెళ్లిన తండ్రీకొడుకులు కొజిమా స్టూడియోను చూడడానికి వెళ్లారు. ఆ పరిచయం ఇలా గేమ్‌లోకి వచ్చి చేరింది.

హైదరాబాదులోనో విజయవాడలోనో కూర్చుని ఆడే కుర్రాడు ఆ ముఖం కనబడగానే కంట్రోలర్ పక్కన పెట్టి స్క్రీన్‌షాట్ తీస్తాడు, స్నేహితులకు పంపిస్తాడు. ఆ నిమిషం పాటు అతను ఆస్ట్రేలియాలో లేడు, శామ్ కాదు, వీపున బరువూ లేదు. అదే గేమ్‌ను బ్రెజిల్‌లో ఆడుతున్న, 'ఆర్ఆర్ఆర్' చూడని మనిషికి అక్కడున్నది గడ్డమున్న ఒక పెద్దమనిషి మాత్రమే. అతను సరుకు అప్పగించి ముందుకు సాగిపోతాడు. ముఖం ఒకటే, సన్నివేశం ఒకటే, అనుభవాలు మాత్రం రెండు. ప్రముఖులు కనిపిస్తే ఆటలో లీనమవడం చెడుతుందా అన్న చర్చ ఇరవై ఏళ్లకు పైగా సాగుతోంది. 'చెడుతుంది', 'చెడదు' అని తేల్చేసేవాళ్లు ఈ తేడాను పట్టించుకోవడం లేదు.

సినిమాలో అతిథి పాత్ర మనకు కొత్త కాదు. 'బాహుబలి' మొదటి భాగంలో రాజమౌళే కల్లు అమ్మేవాడిగా ఒక్క క్షణం కనిపిస్తారు. 2024లో వచ్చిన 'కల్కి 2898 ఏడీ'లో ఆయనా, రాంగోపాల్ వర్మా తళుక్కున మెరిసి వెళ్లిపోతారు. హాలంతా ఈలలు వేస్తుంది, మరుక్షణం కథ తన దారిన పోతుంది. తన సినిమాల్లో చాలావాటిలో ఓ మూల కనిపించే ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్, ప్రేక్షకుల ధ్యాస తన కోసం వెతకడంలోనే ఉండిపోతోందని గమనించి, ఆ పని మొదటి నిమిషాల్లోనే ముగించేవాడు. అంటే అతిథి ఎప్పుడు రావాలో, ఎంతసేపు ఉండాలో, ఎప్పుడు వెళ్లిపోవాలో అన్నీ దర్శకుడి చేతిలో ఉండే లెక్కలు.

గేమర్ తన ఇష్టమొచ్చినట్టు తిరగగలిగే ఓపెన్ వరల్డ్ గేమ్‌లో ఆ లెక్కలు దర్శకుడి చేతిలో ఉండవు. ఎనభై, వంద గంటలు సాగే ఆటలో గేమర్ ఆ తార ఎదుట అరగంట ఊరికే నిలబడొచ్చు. చుట్టూ తిరిగి వెనక నుంచి చూడొచ్చు, కారుతో గుద్దబోవచ్చు, పది రోజుల తర్వాత మళ్లీ వచ్చి అదే మాట మూడోసారి వినొచ్చు. సినిమాలో అతిథి వచ్చి పోతాడు. ఇక్కడ అతను ఆ ఊళ్లో కాపురం ఉండాలి. దాదాపు ప్రతి ఉదాహరణలోనూ తారను చూసి గేమర్ మురిసిపోవడమో, విసుగెత్తడమో ఈ ఒక్క తేడా మీదే ఆధారపడింది.

లీనం కావడమంటే ఏమిటో పరిశోధకులు కొంత విడమరిచారు. లండన్‌లో ఎమిలీ బ్రౌన్, పాల్ కెయిన్స్ 2004లో గేమర్లతో మాట్లాడి దాన్ని మూడు మెట్లుగా చూపించారు. మొదట ఆసక్తి, తర్వాత మునక, ఆఖరున తాను ఆడుతున్నానన్న ఎరుకే లేని స్థితి. మరుసటి ఏడాది ఫిన్లాండ్ పరిశోధకులు లారా ఎర్మి, ఫ్రాన్స్ మయరా ఇంకో కోణం చూపారు. కళ్లకూ చెవులకూ అందేది ఒక లీనం, చేతిలోని సవాలు వల్ల కలిగేది ఒకటి, కథనూ పాత్రనూ నమ్మడం వల్ల కలిగేది మరొకటి. తారల ప్రశ్నకు ఈ విభజన చాలా ఉపయోగపడుతుంది. ఎందుకంటే తెలిసిన ముఖం దెబ్బకొట్టేది మూడోదాన్నే. నది మధ్యలో కాలు జారి సరుకంతా కొట్టుకుపోతుంటే, దాన్ని పట్టుకునే గేమర్‌కు ఏ హాలీవుడ్ నటుడూ గుర్తుకు రాడు.

ఈ ఆలోచన మన దగ్గర ఇంకా పాతది. నాట్యశాస్త్రానికి వ్యాఖ్యానంగా 'అభినవభారతి' రాసిన కాశ్మీర పండితుడు అభినవగుప్తుడు, రసానుభూతికి అడ్డొచ్చే విఘ్నాలు ఏడని వెయ్యేళ్ల కిందటే లెక్కపెట్టాడు. మొదటిది నమ్మశక్యం కాకపోవడం. రెండోది, ఇది నాది, అది పరాయివాడిది, ఇది ఫలానా చోటు, ఫలానా కాలం అన్న ఎరుకలో ప్రేక్షకుడు చిక్కుకుపోవడం. కిరీటం, వేషం, రంగు ఎందుకంటే నటుడి సొంత ఉనికిని కప్పడానికే అని ఆయన వివరణ. అర్జునుడి వేషంలో ఉన్నవాడు పక్కింటి సుబ్బయ్య అని గుర్తొచ్చినంతసేపూ అర్జునుడు మన ముందుకు రాడు. గేముల్లో తారలను వాడుకున్న తీరును ఈ కొలతతో చూస్తే చాలా విషయాలు స్పష్టమవుతాయి.

మొదట్లో ఈ కప్పడం సాంకేతికత వల్లే జరిగిపోయింది. 2002లో రాక్‌స్టార్ సంస్థ తెచ్చిన 'గ్రాండ్ థెఫ్ట్ ఆటో: వైస్ సిటీ'లో కథానాయకుడు టామీ వెర్సెట్టికి రే లియోటా గొంతు ఇచ్చాడు. బర్ట్ రేనాల్డ్స్, డెనిస్ హాపర్ లాంటివాళ్లూ అందులో పలికారు. 2004లో 'శాన్ ఆండ్రియాస్'లో అవినీతి పోలీసు టెన్‌పెనీగా శామ్యూల్ జాక్సన్ వినిపించాడు. ప్లేస్టేషన్ 2 రోజుల్లో మనుషుల ముఖాలు కోణాలు తేలిన బొమ్మల్లా ఉండేవి, కాబట్టి గేమర్ దగ్గరికి చేరింది గొంతు మాత్రమే. గొంతు పాత్రకు బరువునిచ్చింది, నటుడు బయటే ఉండిపోయాడు.

బెథెస్డా సంస్థ ఈ పద్ధతికి రెండు వైపులనూ చూపించింది. 2006 నాటి 'ఆబ్లివియన్'లో చక్రవర్తికి పాట్రిక్ స్టీవర్ట్, మార్టిన్ అనే పాత్రకు షాన్ బీన్ గొంతులిచ్చారు. ఇద్దరూ గొప్పగా పలికారు. అయితే రాజ్యమంతా నిండిన మిగతా వందలాది మనుషులకు కొద్దిమంది నటులే గొంతు ఇచ్చారు. ఒక ఊళ్లో దుకాణదారుడు మాట్లాడిన గొంతే పక్క ఊళ్లో కాపలావాడి నోట వినిపిస్తుంది. బిచ్చగత్తె ఒక వాక్యం వణికే గొంతుతోనూ, తర్వాతి వాక్యం ఇంకో మామూలు గొంతుతోనూ పలుకుతుంది. ఆ లోకాన్ని పల్చన చేసింది చక్రవర్తి గొంతు వెనకున్న తార కాదు, ఆ బిచ్చగత్తె గొంతుపై పెట్టని శ్రద్ధ. 2011లో 'స్కైరిమ్' వచ్చేసరికి సంస్థ 70 మందికి పైగా నటులను తీసుకుని 60,000కు పైగా సంభాషణలు రికార్డు చేసింది.

ఆ 'స్కైరిమ్'లోనే తార గొంతును వాడుకున్న తీరుకు ఓ చక్కని మచ్చుతునక ఉంది. రిఫ్టెన్ ఊరి కింద మురికి సొరంగాల్లో, ఒక గట్టి తలుపు వెనక ఎస్బెర్న్ అనే ముసలాయన దాక్కుని ఉంటాడు. మనం తలుపు తడితే నమ్మడు. నమ్మిన తర్వాత కూడా వెంటనే తీయడు. ఒక గొళ్లెం, ఇంకో గొళ్లెం, మరో తాళం, వాటితో పాటు తనలో తాను గొణుక్కునే మాటలు. ఆ గొంతు స్వీడన్ మహానటుడు మాక్స్ వాన్ సీడోది. ఆ మనిషి ఎన్నేళ్లుగా భయంతో బతుకుతున్నాడో చెప్పడానికి విడిగా ఒక్క డైలాగూ అక్కర్లేకపోయింది. తలుపు తెరుచుకునేసరికి మనకు కనిపించేది ఎస్బెర్నే. తెర మీద ఉన్నదీ వాన్ సీడో ముఖం కాదు.

ముఖాన్ని కూడా తెచ్చిపెట్టాక ఏమవుతుందో తెలుసుకోవాలంటే డానీ ట్రెహో ఒక్కడిని గమనిస్తే చాలు. ఈ అమెరికా నటుడు వేర్వేరు ఓపెన్ వరల్డ్ గేముల్లో మూడు విధాలుగా కనిపించాడు. 2010లో 'ఫాల్‌అవుట్: న్యూ వెగాస్'లో రేడియేషన్‌కు చర్మం కుళ్లిపోయి, రెండు వందల ఏళ్లు దాటినా చావని మెకానిక్ రౌల్‌కు గొంతు ఇచ్చాడు. తోడుగా వెంట నడుస్తూ, తుపాకులు బాగుచేస్తూ, తన ముసలితనం గురించి నిట్టూర్చే ఆ రౌల్‌ను అభిమానులు ఇప్పటికీ తలుచుకుంటారు. 2021లో 'ఫార్ క్రై 6'కు ఉచితంగా జోడించిన మిషన్‌లో ట్రెహో ట్రెహోగానే వస్తాడు. నియంతపై తిరుగుబాటు జరుగుతున్న యారా ద్వీపంలో టాకోలు పంచడం అక్కడ ఆయన పని. 2024లో జపాన్ వారి 'లైక్ ఎ డ్రాగన్: ఇన్ఫినిట్ వెల్త్'లో హొనొలులు ముఠా నాయకుడు డ్వైట్‌గా, తన ముఖంతోనే, వేరే పేరుతో వచ్చాడు. మొదటిది మనసులో నిలిచిపోతుంది, మూడోది కథలో ఒదిగిపోతుంది. రెండోది మాత్రం ఓ గంట సరదా. ఆ తర్వాత యారాలో ట్రెహోకు చోటు లేదు. అదే గేమ్‌లో నియంత ఆంటన్ కాస్టిలోగా నటించిన జియాన్‌కార్లో ఎస్పొసీటో ముఖమూ ప్రపంచానికి తెలిసినదే. కానీ ఆ ముఖం ద్వీపం నిండా పోస్టర్ల మీద ఉంటుంది, రేడియోలో ఆ గొంతు వినిపిస్తుంది. ఆ దేశం అతని గుప్పిట్లో ఉంది గనుక ఎక్కడ చూసినా అతనే కనిపించడం అక్కడి బతుకులో భాగమే అయింది.

ఈ చర్చ అంతా చివరికి ఆగేది 'సైబర్‌పంక్ 2077' దగ్గరే. 2019 జూన్‌లో లాస్ ఏంజెలెస్‌లో జరిగిన ఈ3 గేమ్ ప్రదర్శనలో కియాను రీవ్స్ వేదిక ఎక్కగానే హాలు హోరెత్తింది. పోలండ్ సంస్థ సీడీ ప్రాజెక్ట్ రెడ్ 2020 డిసెంబరు 10న విడుదల చేసిన ఆ గేమ్‌లో అతను జానీ సిల్వర్‌హ్యాండ్, చనిపోయిన రాక్ గాయకుడు, విప్లవకారుడు. వీ అనే కథానాయకుడి తలలోని చిప్‌లో జానీ మనసు చేరుతుంది. ఇక అతను వీ కంటికి మాత్రమే కనిపిస్తాడు, చెవిలో మాట్లాడతాడు, మెల్లగా ఆ శరీరాన్నే ఆక్రమించుకోబోతాడు. వీ గదిలో వాళ్లిద్దరూ మొదట తలపడే సన్నివేశం గుర్తుచేసుకోండి. జానీ సిగరెట్ అడుగుతాడు, వీ తలను కిటికీ అద్దానికేసి కొడతాడు. వేదిక మీద అందరినీ మెప్పించిన ఆ మంచి మనిషి ఇక్కడ లేడు. స్వార్థపరుడు, కోపిష్ఠి, నోటిదురుసువాడు ఉన్నాడు.

ఆ పాత్ర కియాను కోసం పుట్టింది కాదు. మైక్ పాండ్‌స్మిత్ 1988లో తెచ్చిన బల్లమీది ఆటలోనే జానీ ఉన్నాడు. కియానుకూ ఈ లోకం కొత్తది కాదు. 1995లో 'జానీ నెమానిక్'లో తలలో సమాచారం మోసుకెళ్లే మనిషిగా, 1999లో 'ది మేట్రిక్స్'లో నియోగా చేసినవాడు. అంటే గేమర్ మనసులో ఉన్న కియాను జ్ఞాపకాలు కూడా ఆ నగరానికి సరిపోయేవే. అన్నిటికన్నా ముఖ్యం, అతను వచ్చి పోయే అతిథి కాదు. వీధి మలుపులో గోడకు ఆనుకుని, కారులో పక్క సీట్లో కూర్చుని, పదుల గంటల పాటు వెంటే ఉంటాడు. ఊరి బయట చమురు బావుల దగ్గర జానీని పాతిపెట్టిన చోట అతనితో గేమర్ ఏం మాట్లాడతాడన్న దాన్ని బట్టి ఒక రహస్య ముగింపు కూడా తెరుచుకుంటుంది. మొదటి గంట కనిపించేది కియానే, అందులో సందేహం లేదు. ముప్ఫయ్యో గంటకు అక్కడ ఉండేది జానీ. తెలిసిన ముఖం లీనాన్ని చెడగొడుతుందన్న వాదనకు ఇంతకన్నా గట్టి జవాబు ఇంతవరకు రాలేదు. 2023 సెప్టెంబరులో వచ్చిన 'ఫాంటమ్ లిబర్టీ'లో గూఢచారి సాలమన్ రీడ్‌గా ఇడ్రిస్ ఎల్బా అదే దారిలో నడిచాడు.

అదే నగరంలో ఇంకో ముఖమూ ఉంది. కొన్‌పెకీ ప్లాజా హోటల్‌లో అతిథుల మధ్య హిడియో కొజిమా కనిపిస్తాడు. తెలిసినవాళ్లకు చిన్న నవ్వు, తెలియనివాళ్లకు హోటల్లో ఓ జపాన్ పెద్దమనిషి. దారిలో నిలబడడు, ఆటను ఆపడు. హిచ్‌కాక్ పాటించిన కొలతే ఇది.

కొజిమా తన గేముల్లో మాత్రం ఇంత పొదుపు పాటించడు. 2019 నవంబరు 8న వచ్చిన మొదటి 'డెత్ స్ట్రాండింగ్'లో నార్మన్ రీడస్ నాయకుడు, మాడ్స్ మికెల్సన్, లియా సేడూ ముఖ్యపాత్రలు. డెడ్‌మన్ అనే పాత్రకు ముఖం దర్శకుడు గియెర్మో దెల్ తోరోది, గొంతు ఇంకొకరిది. కామిక్స్ రచయిత జుంజి ఇటో, టీవీ వ్యాఖ్యాత కోనన్ ఓబ్రయన్ సరుకులందుకునేవాళ్లు. వాళ్లలో చాలామంది మనిషిగా బయటికి రారు, హోలోగ్రామ్‌గా నిలబడి రెండు మాటలు చెప్పి మాయమవుతారు. కోనన్ మాత్రం సరుకు తెచ్చినందుకు నీటికుక్క ముఖమున్న టోపీ ఇస్తాడు. అది పెట్టుకుంటే శామ్ నదిలో తేలగలడు. వెక్కిరింతకు పెట్టిన ఆ టోపీ వాగు దాటేటప్పుడు నిజంగా పనికొస్తుంది, అలా కోనన్ ఆటలో కలిసిపోతాడు. ఆ గేమ్‌లో లీనాన్ని నిజంగా గాయపరిచింది ముఖాలు కావు, ప్రకటనలు. శామ్ గదిలో మాన్‌స్టర్ ఎనర్జీ డబ్బాలు తాగేవాడు. నార్మన్ రీడస్ సొంత టీవీ కార్యక్రమం ప్రకటన కూడా ఆ గదిలోనే ప్రత్యక్షమయ్యేది. ప్రపంచం అంతమైన చోట, నార్మన్ ముఖమున్న మనిషికి నార్మన్ కార్యక్రమం కనిపించింది! అభినవగుప్తుడు చెప్పిన రెండో విఘ్నానికి ఇంతకన్నా తేటైన ఉదాహరణ దొరకదు. 2021లో డైరెక్టర్స్ కట్ వచ్చినప్పుడు ఆ పానీయం స్థానంలో కథలోని సంస్థ పేరున్న పానీయం చేరింది.

తారలు తాము తాముగానే వచ్చిన చోట్ల కాలం కలిసొస్తేనే నప్పింది. 2006 నాటి 'వైస్ సిటీ స్టోరీస్' కథ 1984లో జరుగుతుంది. అందులో ఫిల్ కాలిన్స్ ఫిల్ కాలిన్స్‌గా వస్తాడు, అతన్ని హంతకుల నుంచి కాపాడాలి, ఆ తర్వాత డబ్బు కట్టి కచేరీ వినొచ్చు. ఆ ఏట ఆ నగరంలో కాలిన్స్ కచేరీ లేకపోతేనే వింత.

ఇంత చేసిన రాక్‌స్టార్ సంస్థే తర్వాత దారి మార్చుకోవడం గమనించదగ్గ విషయం. 2008లో 'జీటీఏ 4'లో నీకో బెలిక్‌గా మైకేల్ హాలిక్ అనే అంతగా పేరులేని నటుడిని తీసుకుంది. 2018లో 'రెడ్ డెడ్ రిడెంప్షన్ 2'కు సుమారు 1,200 మంది నటులు పనిచేశారు, సంభాషణలు 5 లక్షల వాక్యాలు. నాయకుడు ఆర్థర్ మోర్గన్‌గా రోజర్ క్లార్క్ అంతకుముందు ఎవరికీ పెద్దగా తెలియదు. ఆర్థర్ దగ్గుతూ గుర్రం మీద వెళ్తుంటే గేమర్‌కు ఇంకే మనిషీ గుర్తురాలేదు, గుర్తొచ్చే మనిషే లేడు. ఒక పెద్ద తారకు ఇచ్చే పారితోషికాన్ని ఊళ్లో ప్రతి మనిషికీ పంచితే లోకం ఎంత చిక్కనవుతుందో ఈ గేమ్ చూపించింది. వందల గంటల కాపురానికి ఇదే ఎక్కువ నమ్మదగ్గ దారి.

తారతో పాటు అతని బయటి బతుకు కూడా గేమ్‌లోకి వస్తుందని జపాన్ సంస్థ సెగా నేర్చుకుంది. 2018 డిసెంబరులో వచ్చిన 'జడ్జ్‌మెంట్'లో నాయకుడు తకుయా కిమురా, ముఠా మనిషి హమురాగా నటుడు పియెరు తకి. 2019 మార్చిలో మాదకద్రవ్యాల కేసులో తకి అరెస్టయ్యాడు. సెగా జపాన్‌లో అమ్మకాలు ఆపేసి, హమురా ముఖాన్నీ గొంతునూ మియో తనాకావిగా మార్చి మళ్లీ విడుదల చేసింది. ఆ మనిషిని కొట్టి, అతనితో మాట్లాడి, కథంతా నడిచిన జపాన్ గేమర్ మళ్లీ ఆడితే అదే పేరుతో వేరే మనిషి ఎదురయ్యాడు. అదే గేమ్‌ను మన దగ్గర ఆడినవారికి ఆ తేడా తెలిసే అవకాశమే తక్కువ.

ఓపెన్ వరల్డ్ ఇచ్చే అసలు మాట స్వేచ్ఛ. తార ముఖం దానికీ హద్దు గీస్తుంది. 2021 జనవరిలో 'సైబర్‌పంక్'లో వేశ్యల రూపం స్థానంలో జానీ రూపం పెట్టే మార్పును ఓ అభిమాని తయారుచేస్తే సంస్థ దాన్ని తీసివేయించింది. నిజమైన మనిషి రూపాన్ని అనుమతి లేకుండా అలా వాడకూడదన్నది వారి మాట. అది న్యాయమే. ఇంకోవైపు, 'జీటీఏ 5'లోని లేసీ జోనస్ పాత్ర తననే పోలి ఉందని నటి లిండ్సే లోహన్ వేసిన దావాను న్యూయార్క్ అప్పీళ్ల కోర్టు 2018లో కొట్టేసింది. డిజిటల్ బొమ్మ కూడా చట్టం దృష్టిలో చిత్తరువు కావచ్చని ఒప్పుకుంటూనే, ఆ పాత్రలో లోహన్‌ను గుర్తుపట్టలేమని తేల్చింది.

కృత్రిమ మేధ వచ్చాక ఈ ప్రశ్న మరింత పదునెక్కింది. 2021లో మరణించిన పోలిష్ నటుడు మివోగోస్ట్ రెచెక్ గొంతును కుటుంబ అనుమతితో 'ఫాంటమ్ లిబర్టీ'లో మళ్లీ పుట్టించారు. 2024 జూలైలో అమెరికా నటుల సంఘం గేమ్ కంపెనీలపై సమ్మెకు దిగడానికి ప్రధాన కారణం ఇలాంటి నకళ్ల భయమే. దాదాపు ఏడాది తర్వాతే కొత్త ఒప్పందం కుదిరింది. మన దేశంలో అనిల్ కపూర్ 2023లో, నాగార్జున 2025లో తమ రూపం, గొంతు, పేరు దుర్వినియోగం కాకుండా ఢిల్లీ హైకోర్టు నుంచి రక్షణ పొందారు.

భారతీయ తారలు గేముల్లోకి ఇప్పటికే వచ్చారు. 2020లో 'ఫ్రీ ఫైర్'లో హృతిక్ రోషన్ ఆధారంగా జై అనే పాత్ర వచ్చింది. అది కాల్పుల మైదానంలో తొడుక్కునే వేషం, కథలో బతికే మనిషి కాదు. కథలో బతికే పాత్ర ఇవ్వజూపే స్టూడియో ఏదో ఒకనాడు మన నటుల తలుపూ తడుతుంది. ఆ ఒప్పందం మీద సంతకం పెట్టబోయే నటీనటులూ, వారి తరఫున మాట్లాడే మేనేజర్లూ పారితోషికం కన్నా ముందు నాలుగు సంగతులు అడిగి తెలుసుకోవాలి. ఆ లోకంలో ఈ మనిషి పని ఏమిటి? గేమర్ పదోసారి కలిసినప్పుడు కొత్తగా ఏం మాట్లాడతాడు? తెలుగులో సంభాషణలు ఎవరు రాస్తారు? స్కాన్ చేసిన ముఖాన్నీ గొంతునూ ఈ ఒక్క గేమ్ దాటి ఇంకెక్కడ వాడతారు? జవాబులు నోటిమాటగా కాదు, ఒప్పంద పత్రంలో రాసి తీసుకోవాలి.